డిప్రెషన్ రాకముందే పీహెచ్‌సీల్లో ఖర్చు పెట్టడం సబబేనా?

ప్రజారోగ్య పాఠకురాలు (చర్చ ప్రారంభం)

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మానసిక ఆరోగ్యం పేరిట అందే కొద్దిపాటి నిధుల్లో కొంత వాటాను, ఇంకా డిప్రెషన్ అని నిర్ధారించే స్థాయికి చేరకపోయినా ఆ దారిన పోతున్నవారి మీద ఖర్చు పెట్టడం సబబేనా, లేక జబ్బు వచ్చినవారందరికీ చికిత్స అందేదాకా నివారణ ఊసెత్తకపోవడమే మేలా అన్నది ఈ చర్చకు నేను పెడుతున్న ప్రశ్న.

గోవాలో జరిగిన ఒక అధ్యయనం చదివాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. అరవై ఏళ్ళు పైబడి, దిగులు, నిద్రలేమి వంటి తేలికపాటి లక్షణాలు ఉండి, పూర్తిస్థాయి డిప్రెషన్ మాత్రం లేని 181 మందిని అక్కడ ఎంపిక చేసి లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యమే కొనసాగింది. రెండో జట్టువారితో, మనోవైద్యులూ సైకాలజిస్టులూ కాని, ఈ పని కోసమే శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు విడతలవారీగా కూర్చుని మాట్లాడారు. వేధిస్తున్న సమస్యను చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కోదానికీ దారి వెతకడం, నిద్రవేళలు సరిచేయడం, షుగరు వంటి జబ్బులను అదుపులో ఉంచుకునేలా చూడటం, రావలసిన ప్రభుత్వ పథకాలు అందేలా తోడ్పడటం వారు చేసిన పని. ఏడాది తిరిగేసరికి మామూలు వైద్యం పొందిన 90 మందిలో 13 మందికి డిప్రెషన్ వచ్చింది. కౌన్సెలర్లు కలిసిన 91 మందిలో నలుగురికే వచ్చింది. ఈ ఫలితాలు 2019లో జామా సైకియాట్రీ పత్రికలో వెలువడ్డాయి.

అంతకు చాలాకాలం ముందు, 2006లో, నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకులు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఇదే అంశాన్ని ఖర్చు కోణం నుంచి పరిశీలించారు. కుటుంబ వైద్యుల దగ్గరకు వచ్చేవారిలో తేలికపాటి లక్షణాలున్న 216 మందిని తీసుకుని, సగం మందికి ఇంట్లోనే చదివి సాధన చేసుకునే ఒక పుస్తకం ఇచ్చి, దానికి తోడుగా కొన్నిసార్లు క్లుప్తంగా ఫోనులో మాట్లాడారు. ఏడాదిలో డిప్రెషన్ బారిన పడేవారు 18 శాతం నుంచి 12 శాతానికి తగ్గారు. ఈ పద్ధతి మామూలు వైద్యం కంటే ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చే అవకాశం 70 శాతం అని వారి లెక్క తేల్చింది.

మన పీహెచ్‌సీల్లో కనీసం వృద్ధుల వరకైనా ఇటువంటి పని మొదలుపెట్టాలన్నది నా పక్షం. కాదనేవారి వాదన కూడా వినాలని ఉంది.

సందేహి

కాదనేవారిలో నేను ఒకణ్ణి. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్న ప్రతి వందమందిలో 85 మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు కనుక మన అంకె వేరుగా ఉండవచ్చునని ఎవరైనా అనవచ్చు గాని, మన మండల కేంద్రాల పరిస్థితి చూసినవారెవరూ అది ఇంతకంటే గొప్పగా ఉంటుందని అనుకోరు. జబ్బుతో మంచం పట్టిన 85 మందిని వదిలేసి, జబ్బు రావచ్చునేమో అనుకునేవారి ఇళ్ళ చుట్టూ కౌన్సెలర్లను తిప్పడం న్యాయమా?

ఇంకొక మాట. ఈ విషయం మీద రాసేవారందరూ, మానసిక ఆరోగ్యం మీద పెట్టిన ప్రతి డాలరుకూ నాలుగు డాలర్లు తిరిగి వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని ఉటంకిస్తారు. 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన ఆ లెక్క డిప్రెషన్, ఆందోళన రుగ్మతలకు చికిత్సను విస్తరించడం గురించినది, నివారణ గురించినది కాదు. పాఠకురాలు గారు దాన్ని వాడుకోలేదు కనుక వారిని తప్పుపట్టడం లేదు. తరువాత రాయబోయేవారి కోసం ముందుగానే చెబుతున్నాను.

గోవా కౌన్సెలర్ల మీద నాకు గౌరవమే ఉంది. అయితే అదే గోవాలో, అటువంటి కౌన్సెలర్లే, మధ్యస్థం నుంచి తీవ్రం దాకా డిప్రెషన్ ఉన్నవారికి పీహెచ్‌సీల్లో చికిత్స చేసిన అధ్యయనం కూడా ఉంది. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఆ ఫలితాల్లో కౌన్సెలింగ్ పొందినవారిలో 64 శాతం మంది మూడు నెలల్లో కోలుకోగా, అది లేనివారిలో 39 శాతమే కోలుకున్నారు. అంటే నలుగురితో కూర్చుంటే ఒకరు అదనంగా బాగుపడుతున్నారు. నివారణలో అయితే, పాఠకురాలు గారు చెప్పిన అత్యుత్తమ ఫలితం ప్రకారమే, పదిమందితో కూర్చుంటే గాని ఒకరికి జబ్బు తప్పడం లేదు. ఉన్న ఒక్క కౌన్సెలరు సమయాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

ఖర్చులెక్క

నిష్పత్తుల దగ్గర ఆగకుండా రూపాయల్లోకి దిగితే గాని ఈ వాదన తేలదు. కింద వేసే లెక్కలో జీతాలూ సంఖ్యలూ నేను ఊహించుకున్నవి. ఎవరికి తోచినట్టు వారు మార్చుకుని చూడవచ్చు.

ఒక కౌన్సెలరుకు నెలకు 20,000 రూపాయల చొప్పున ఏడాదికి 2,40,000 అవుతుంది. శిక్షణ, ప్రయాణాలు, పైనుంచి పర్యవేక్షించేవారి వాటా కలిపి మరో 1,20,000 వేసుకుందాం. మొత్తం 3,60,000. ఆ కౌన్సెలరు ఏడాదిలో 120 మందితో విడతలన్నీ పూర్తిచేయగలిగితే మనిషికి 3,000 రూపాయలు పడుతుంది. గోవా ఫలితమే ఇక్కడా వస్తే, పదిమందికి ఒకరి చొప్పున, ఒక డిప్రెషన్‌ను తప్పించడానికి 30,000 రూపాయలు. కానీ ప్రపంచవ్యాప్తంగా జరిగిన నివారణ ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో జబ్బు వచ్చే రేటు 21 శాతం మాత్రమే తగ్గింది, ఒకరికి తప్పించాలంటే 20 మందితో పనిచేయవలసి వచ్చింది. ఆ లెక్కన 60,000 రూపాయలు.

ఇప్పుడు దీనివల్ల ఎంత ఆరోగ్యం కొన్నామో చూడాలి. మధ్యస్థ స్థాయి డిప్రెషన్‌తో గడిపిన ఏడాదిలో దాదాపు 0.4 వంతు ఆరోగ్యం కోల్పోయినట్టుగా ప్రపంచ వ్యాధిభారం అధ్యయనం లెక్కగడుతుంది. ఒక విడత జబ్బు ఆరు నెలలు ఉంటుందనుకుంటే పోయేది 0.2 వంతు. కాబట్టి ఒక పూర్తి ఆరోగ్య సంవత్సరాన్ని నిలబెట్టడానికి గోవా ఫలితం ప్రకారం లక్షన్నర, ప్రపంచ సగటు ప్రకారం మూడు లక్షలు అవుతుంది. మన దేశంలో ఆరోగ్య సాంకేతికతలను బేరీజు వేసేవారు తలసరి జీడీపీని కొలబద్దగా పెట్టుకోవడం పరిపాటి. అది రెండు లక్షల రూపాయలకు కాస్త పైన ఉంది. చూశారా, కొలబద్ద సరిగ్గా ఈ రెండు అంకెల మధ్యలో పడింది. గోవా ఫలితం మనకూ వస్తుందని నమ్మితే పథకం గట్టెక్కుతుంది, ప్రపంచ సగటే గతి అనుకుంటే గట్టెక్కదు. నివారణ మంచిదా చెడ్డదా అని సిద్ధాంతంగా వాదించుకోవడం కంటే, గోవా ఫలితం అంత బాగా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం మీద ఈ చర్చ నిలవాలని నా కోరిక.

సందేహి గారి పోలికలో ఒక మెలిక ఉంది. చికిత్సలో నలుగురికి ఒకరు అన్నది మూడో నెలలో కోలుకున్నవారి లెక్క. కౌన్సెలింగ్ లేనివారిలో కూడా 39 శాతం అప్పటికే కోలుకున్నారు, మిగిలినవారిలో కొందరు తరువాతి నెలల్లో కోలుకుని ఉండవచ్చు. చికిత్స చాలామందికి ఆ విడతను కుదిస్తుంది. నివారణ విజయవంతమైతే విడత మొత్తాన్నే తప్పిస్తుంది. అయినా చికిత్సదే పైచేయి అవుతుందని నేనూ అనుకుంటున్నాను, కాకపోతే ఆ తేడా వారు చూపినంత పెద్దది కాదు.

పీహెచ్‌సీ వైద్యుడు

నేను పదేళ్ళుగా పీహెచ్‌సీల్లోనే పనిచేస్తున్నాను. మా దగ్గరకు ఎవరూ "నాకు డిప్రెషన్" అని రారు. ఒళ్ళంతా నొప్పులు, గుండె దడ, కాళ్ళు చేతులు తిమ్మిర్లు, నిద్ర పట్టదు, తిన్నది వంటబట్టదు అంటూ వస్తారు. ఒక్కొక్కరికీ నేను ఇవ్వగలిగే సమయం మూడు నిమిషాలు దాటదు. ఆ మూడు నిమిషాల్లో బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ అడిగేవారికి అది ఎందుకు అవసరం లేదో చెప్పడానికే సగం పోతుంది.

అందువల్ల ఈ పనిని వైద్యుల నెత్తిన పెట్టే ఏ ప్రణాళికనూ నేను నమ్మను. స్పెయిన్‌లో అదే ప్రయత్నం చేశారు. ఏడు నగరాల్లోని 70 ఆరోగ్య కేంద్రాల్లో, డిప్రెషన్ లేని 3,326 మందిని తీసుకుని, అందులో సగం కేంద్రాల్లోనివారికి, అది వచ్చే ముప్పు ఎంత ఉందో లెక్కగట్టి, వారి కుటుంబ వైద్యుడే ఆ సంగతి వివరించి, ఒక్కొక్కరి పరిస్థితికి తగ్గట్టు సలహా ఇచ్చాడు. ఏడాదిన్నర తరువాత డిప్రెషన్ వచ్చినవారు మామూలు వైద్యం వైపు 9.4 శాతం, సలహా పొందిన వైపు 7.4 శాతం. ఆ రెండు పాయింట్ల తేడా కాకతాళీయం కాదని గణాంకపరంగా గట్టిగా చెప్పలేకపోయారు. వైద్యుడి సమయం ఉచితంగా దొరుకుతున్నట్టు లెక్క వేస్తే అది చవకగానే కనిపిస్తుంది. యాభై మందికి చెబితే ఒకరికి మేలు జరిగే పనికి నా ఓపీ వరుసలోని మిగతావారు ఎంత మూల్యం చెల్లిస్తారో ఏ కాగితం మీదా కనబడదు.

అయితే ఈ మూడు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఖర్చులెక్క గారు అడిగిన ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే గోవా వృద్ధుల్లో ఏడాదికి వందకు 14 మందికి, నెదర్లాండ్స్‌లో లక్షణాలు కనబడినవారిలో 18 మందికి వచ్చే జబ్బు, స్పెయిన్‌లో ఆరోగ్య కేంద్రానికి వచ్చిన సాధారణ జనంలో ఏడాదిన్నరకు తొమ్మిది మందికే వచ్చింది. ముప్పు తక్కువున్నవారి మీద ఎంత మంచి పద్ధతి ప్రయోగించినా తప్పించడానికి అక్కడ జబ్బే అంతగా ఉండదు. కనుక అందరికీ అన్న మాట వదిలేయాలి. షుగరుకో పక్షవాతానికో మందులు వాడుతూ, ఈ మధ్యనే భార్యనో భర్తనో పోగొట్టుకుని, రాత్రిళ్ళు నిద్రలేక వచ్చే మనిషి ఎవరో మా ఫార్మసిస్టుకు కూడా తెలుసు.

గోదావరి సిస్టర్

డాక్టరు గారు చెప్పిన చివరి మాట నిజమే గాని, ఆ మనిషిని కాగితం మీద పట్టుకోవడం అంత సులువు కాదని క్షేత్రంలో ఉన్నవారిగా చెప్పవలసి ఉంది.

ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్తలు, దీర్ఘకాలిక జబ్బుల ముప్పును అంచనా వేసే సీబాక్ ఫారం నింపుతారన్న సంగతి ఇక్కడ కొందరికి తెలియకపోవచ్చు. అందులో వయసు, పొగ, మద్యం, నడుము చుట్టుకొలత, వంటచెరకు దాకా అడిగి, ఆ తరువాత చివరన రెండు ప్రశ్నలుంటాయి: గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గాని సంతోషం గాని లేకపోవడం ఎన్నాళ్ళు జరిగింది, దిగులుగా, నిరాశగా ఎన్నాళ్ళు ఉన్నారు అని. అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు ప్రతిరోజూ అన్న నాలుగు గడుల్లో ఒకటి ఎంచుకోవాలి. మార్కుల మొత్తం ఎక్కువగా వస్తే సీహెచ్‌ఓ (ఉపకేంద్రంలో ఉండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు) దగ్గరకు పంపాలి. కాబట్టి వెతికే ఏర్పాటు కాగితం మీద ఇప్పటికే ఉంది, దానికి కొత్తగా పెట్టే ఖర్చు లేదు అని ఎవరైనా అనవచ్చు.

ఆ రెండు ప్రశ్నలు ఎలా నిండుతాయో నేను చూసినది చెబుతాను. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ నడుము చుట్టూ టేపు పట్టేసరికే వీధిలో నలుగురు పోగవుతారు. కోడలు గుమ్మంలో నిలబడి ఉంటుంది. "పెద్దమ్మా, ఈ మధ్య దిగులుగా ఏమైనా ఉంటోందా?" అని ఆశా అడుగుతుంది. ఆవిడ కోడలి వంక ఒకసారి చూసి, "నాకేం బెంగ తల్లీ, మోకాళ్ళ నొప్పులే గాని" అంటుంది. రెండు సున్నాలు పడతాయి. అదే ముసలమ్మ నెలకోసారి బీపీ మాత్రల కోసం క్లినిక్‌కు ఒక్కతే వచ్చినప్పుడు, బల్ల మీద కూర్చోబెట్టి రక్తపోటు చూస్తుండగా, ఎవరూ అడగకుండానే అంతా చెప్పుకుంటుంది.

ఆశాలకు ఏమీ చేతకాదని దీనర్థం కాదు. మా పశ్చిమ గోదావరిలోనే గిరిజన ప్రాంతపు 30 గ్రామాల్లో ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చి, సరైన శిక్షణతో ఒక పరిశోధన ప్రాజెక్టు నడిచింది. మానసిక సమస్య ఉన్నట్టు తేలినవారిలో వైద్యం తీసుకున్నవారు అంతకుముందు 0.8 శాతం ఉండగా, ఆ తరువాత 12.6 శాతానికి పెరిగారు. అది నివారణ కాదు, చికిత్సకు చేర్చడం. అయినా వెనక మనిషి ఉండి అడిగితే ఆశా ఏం చేయగలదో చూపించింది. అదనంగా ఏ పని చెప్పినా దానికి అదనపు పారితోషికం కూడా లెక్కలో వేయమని మాత్రం నా మనవి.

సందేహి

సిస్టర్ గారు చెప్పిన దానితో నా అనుమానం ఇంకా బలపడింది. ఆ రెండు ప్రశ్నల ఫారం సక్రమంగా నింపినా ఏమవుతుందో చూడండి. దాన్ని రూపొందించినవారి 2003 నాటి అధ్యయనంలో, మూడు లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చినవారిని అనుమానితులుగా తీసుకుంటే, జబ్బున్న వందమందిలో 83 మందిని పట్టుకుంది, లేనివారిలో వందకు ఎనిమిది మందిని పొరపాటున పట్టుకుంది. జాతీయ సర్వే చెప్పిన 2.7 శాతం చొప్పున వెయ్యిమందిలో 27 మందికి జబ్బు ఉందనుకుంటే, వారిలో 22 మంది దొరుకుతారు, వారితోపాటు జబ్బు లేని 78 మంది కూడా జాబితాకెక్కుతారు. ఆ వందమందినీ కూర్చోబెట్టి తేల్చడానికి పట్టే సమయం ఖర్చులెక్క గారి 3,000 రూపాయల్లో ఎక్కడా లేదు. ఇంగ్లాండులో డిప్రెషన్‌కు జనాభా అంతటినీ స్క్రీన్ చేయవద్దన్నారు, కెనడాలో 2013లో నిపుణుల బృందం అదే చెప్పింది. వారికి మనకంటే వైద్యులు తక్కువై కాదు గదా!

గోవా అంకెలను ఇంకోసారి చూడండి. నలుగురు, పదముగ్గురు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు మారితే ఏడు, పది అవుతుంది. అప్పుడు ఈ చర్చే ఉండేది కాదు. 181 మందితో, ఒకే ఒక్క రాష్ట్రంలో, అదీ ఆరోగ్య వ్యవస్థ మెరుగ్గా ఉన్న చిన్న రాష్ట్రంలో వచ్చిన ఫలితాన్ని శ్రీకాకుళానికో ఆదిలాబాదుకో తెచ్చి అతికించడానికి నాకు మనసొప్పడం లేదు.

అసలు దిగులుకు కారణం పంటనష్టమో వడ్డీవ్యాపారో అయినప్పుడు, సమస్యను ముక్కలు చేసి ఆలోచించమని కౌన్సెలరు చెప్పడం నాకు కొంచెం క్రూరంగానే కనిపిస్తుంది.

మలిసంధ్య

కారణం అప్పు అయినప్పుడు కౌన్సెలింగ్ ఏమిటన్నారు. గోవాలో కౌన్సెలర్లు పథకాలు ఇప్పించడంలో తోడ్పడ్డారని పాఠకురాలు గారు మొదట్లోనే రాశారు. వేలిముద్ర పడక పింఛను ఆగిపోయిన ముసలివాడికి ఆ పని ఎవరైనా చేసిపెడితే ఆ రాత్రి అతనికి నిద్ర పడుతుంది. దాన్ని మానసిక వైద్యం అంటారో అనరో నాకు తెలియదు, నాలాంటి వయసువాళ్ళకు ఆ తేడాతో పని లేదు.

ఖర్చులెక్క

మలిసంధ్య గారూ, లెక్కలవాళ్ళకు మాత్రం ఆ తేడాతో పని ఉంది. నాలుగు రకాల సాయం కలిపి ఇచ్చినప్పుడు దేనివల్ల మేలు జరిగిందో తెలియకపోతే, డబ్బు తక్కువైన రోజున ఏది తీసేయాలో కూడా తెలియదు. పింఛను సరిచేయడమే అసలు మందు అయితే ఆ పని సచివాలయంలోని సంక్షేమ సహాయకుడు చేయవచ్చు, కౌన్సెలరు అక్కర్లేదు.

సందేహి గారు స్క్రీనింగ్ ఖర్చు గురించి చెప్పినది ఒప్పుకోదగినదే, అయితే ఆ ఖర్చు నివారణకు మాత్రమే అంటగట్టేది కాదు. వారు కోరుకుంటున్న చికిత్సకైనా జబ్బున్నవారిని వెతికే పట్టుకోవాలి. ఒకే వడపోతలో ఇద్దరూ దొరుకుతారు: పైన జబ్బున్నవారు, కింద అంతదాకా రానివారు. పొరపాటున దొరికినట్టుగా వారు చెప్పిన ఆ 78 మందిలో చాలామంది ఏ దిగులూ లేనివారు కారు. గోవా ప్రయోగానికి ఎంపిక చేసింది అటువంటి మధ్యరకం వారినే. వారికి "మీకు ఇంకా జబ్బు రాలేదు, వచ్చాక రండి" అని చెప్పి పంపడం ఒక విధానం, రెండు మూడుసార్లు పిలిచి మాట్లాడటం ఇంకొక విధానం. వెతకడానికి పెట్టిన ఖర్చు రెండింటికీ ఒకటే.

నన్ను కలవరపెట్టేది ఎవరూ ప్రస్తావించని మరో సంగతి. నెదర్లాండ్స్ లెక్క సమాజం మొత్తం దృష్టితో వేసినది. వైద్యానికైన ఖర్చుతోపాటు రోగి పనికి పోలేకపోయిన రోజుల విలువను కూడా అందులో కలిపారు. పనిదినాల నష్టం తగ్గితే అక్కడ యజమానికీ బీమాకూ డబ్బు మిగులుతుంది, కాబట్టి ఖర్చు పెట్టమని అడగడానికి వారి దగ్గరకు వెళ్ళవచ్చు. ఇక్కడ కూలికి పోలేని మనిషికి ఆ రోజు కూలి లేదు, అంతే. ముసలాయనను కనిపెట్టుకుని ఇంట్లో ఉండిపోయిన కోడలికీ కూలి లేదు. జబ్బు తప్పితే మిగిలేది ఆ ఇంటికి. ఖర్చు మాత్రం వైద్య ఆరోగ్య శాఖ పద్దులో పడుతుంది. పెట్టినవాడికి తిరిగిరాని పెట్టుబడిని ఏ ఆర్థిక శాఖ అధికారీ ఆదా అని ఒప్పుకోడు. ఆరోగ్యం కోసం ఖర్చు పెడుతున్నాం అని సూటిగా అడగాలే తప్ప, ఈ పథకం తన ఖర్చు తానే రాబట్టుకుంటుందని చెప్పి అడగకూడదు. అలా చెప్పి తెచ్చుకున్న పథకాలు మూడో ఏడు ఆడిట్‌లో మూతపడతాయి.

మనోవైద్య పీజీ

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. రెండు అంశాలు చేర్చాలనిపించింది.

మొదటిది, ఏడాది తరువాత ఏమవుతుంది అన్నది. నివారణ ప్రయోగాల్లో చాలావాటి లెక్క ఏడాదితో ముగుస్తుంది. జబ్బు తప్పిందా, వాయిదా పడిందా అన్నది ఆ వ్యవధిలో తేలదు. వాయిదా కూడా విలువైనదే, ముఖ్యంగా డెబ్బై ఏళ్ళ మనిషికి. కానీ ఖర్చులెక్క గారి 0.2 వంతులో అది ఎంత తగ్గుతుందో చూసుకోవాలి. వృద్ధుల విషయంలో నివారణకు మంచి ఆధారం గోవాలోనే కాదు, నెదర్లాండ్స్‌లోనూ ఉంది. 75 ఏళ్ళు దాటి లక్షణాలున్న 170 మందిలో దాదాపు సగం మందికి మెట్టు మెట్టుగా సాయం అందించారు: మొదట కొంతకాలం గమనించి ఊరుకోవడం, తగ్గకపోతే పుస్తకం, అప్పటికీ తగ్గకపోతే నర్సుతో సమస్యా పరిష్కార పద్ధతి, చివరికి వైద్యుడి దగ్గరకు పంపడం. ఏడాదిలో డిప్రెషన్ లేదా ఆందోళన రుగ్మత వచ్చినవారు 24 శాతం నుంచి 12 శాతానికి తగ్గారు. మనిషికి 563 యూరోలు ఖర్చయింది, జబ్బు లేకుండా గడిచిన ఒక్కో సంవత్సరానికి 4,367 యూరోలు పడింది. గమనించదగ్గది ఏమిటంటే, ఆ మెట్ల పద్ధతిలో లక్షణాలు వాటంతట అవే తగ్గేవారి మీద దాదాపు ఏమీ ఖర్చు కాదు. సందేహి గారి 78 మందికి సరైన మొదటి మెట్టు అదే: నెల తరువాత మళ్ళీ అడగడం.

రెండవది, గోవా ఫలితం ఎందుకంత బాగుంది అన్న ప్రశ్న. అక్కడి బృందాలు ఏళ్ళ తరబడి ఈ పని చేస్తూ వచ్చినవి. 2017 నాటి చికిత్సా అధ్యయనంలో కౌన్సెలర్ల సంభాషణలను రికార్డు చేసి, తోటి కౌన్సెలర్లే విని, మార్కులు వేసి, ఎక్కడ తడబడ్డారో చెప్పుకునేవారు. పర్యవేక్షణ అంటే అదీ, నెలకోసారి రిజిస్టరు మీద సంతకం పెట్టడం కాదు. 2010లో లాన్సెట్‌లో వచ్చిన మానస్ అనే మరో గోవా అధ్యయనంలో 12 ప్రభుత్వ పీహెచ్‌సీల్లో కౌన్సెలర్లవల్ల మేలు స్పష్టంగా కనిపించగా, 12 ప్రైవేటు క్లినిక్‌లలో మామూలు వైద్యంతో పోలిస్తే తేడా కనబడలేదు. ఒకే రాష్ట్రం, ఒకే పద్ధతి, చోటు మారేసరికి ఫలితం మారింది. కాబట్టి శ్రీకాకుళం గురించి సందేహి గారి భయం అర్థం లేనిది కాదు. అలాగే, ఫలితం ప్రభుత్వ కేంద్రాల్లో వచ్చిందన్నది మనకు ధైర్యమిచ్చే విషయం.

వృద్ధులనే ఎందుకు, గర్భిణులను ఎందుకు కాదు అని కూడా అడగవలసి ఉంది. ముప్పు ఎక్కువున్న గర్భిణులను, బాలింతలను కౌన్సెలింగ్‌కు పంపాలని అమెరికా నివారణ సేవల కార్యదళం 2019లో సిఫారసు చేసింది. ముప్పు దాదాపు 39 శాతం తగ్గినట్టు వారు పరిశీలించిన ప్రయోగాలు చూపాయి. మన ఏఎన్‌ఎంలు గర్భిణులను ఎలాగూ నెలనెలా చూస్తారు, వెతికే ఖర్చు ఉండదు.

పీహెచ్‌సీ వైద్యుడు

గర్భిణుల సంగతి బాగుంది, కానీ దానికి వేరే చర్చ పెట్టండి. రెండూ కలిపితే ఏదీ జరగదు.

ప్రజారోగ్య పాఠకురాలు

ఇప్పటిదాకా వచ్చిన అభ్యంతరాలను మనసులో పెట్టుకుని నా ప్రతిపాదనను కుదించి చెబుతాను. కొత్తగా ఎవరినీ స్క్రీన్ చేయవద్దు. బీపీ, షుగరు మందుల కోసం విలేజ్ హెల్త్ క్లినిక్‌కో పల్లె దవాఖానాకో నెలనెలా వచ్చే అరవై దాటిన వారినే, సిస్టర్ గారు చెప్పినట్టు ఒంటరిగా ఉన్నప్పుడు సీహెచ్‌ఓ అడగాలి. జబ్బున్నట్టు తేలినవారిది మొదటి హక్కు. కౌన్సెలరు సమయంలో మూడింట రెండు వంతులు వారికే. మిగిలిన వంతు, నెల తరువాత మళ్ళీ అడిగినా లక్షణాలు తగ్గనివారికి. రెండేళ్ళు, కొన్ని మండలాల్లో, ఖర్చు వివరాలు కూడా మొదటి రోజు నుంచే రాసుకుంటూ.

సందేహి

మూడింట రెండు వంతులు చికిత్సకు అన్న షరతు నిలబడితే నాకు అభ్యంతరం సగం తగ్గుతుంది. నిలబడదనే నా భయం. తేలికపాటి లక్షణాలున్నవారు సులువుగా వస్తారు, మాట వింటారు, విడతలన్నీ పూర్తిచేస్తారు, నెలవారీ నివేదికలో బాగా కనిపిస్తారు. తీవ్రంగా ఉన్నవారు ఇంట్లోంచి కదలరు. లక్ష్యాల సంఖ్య పెట్టిన ఏ పథకమైనా సులువైనవారివైపే జారుతుంది. నివేదికలో ఈ రెండు వర్గాలకూ వేర్వేరు గడులు ఉంటాయా, తీవ్రంగా ఉన్నవారి ఇంటికి కౌన్సెలరు వెళ్ళిన రోజులు విడిగా నమోదవుతాయా అన్నది ముందు చెప్పండి.

గోదావరి సిస్టర్

నెలవారీ మందులిచ్చే రోజున కౌన్సెలరు అక్కడే ఒక గదిలో కూర్చుంటే, తేలికగా ఉన్న పెద్దవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. ఎలాగూ మాత్రల కోసం వచ్చినవారే కనుక ఎందుకు వచ్చారని ఊళ్ళో ఎవరూ ఆరా తీయరు. అలా మిగిలిన రోజులు కదలలేనివారి ఇళ్ళకు వెళ్ళడానికి ఉపయోగపడతాయి. అయితే చాలా ఉపకేంద్రాల్లో ఉన్నది ఒకే గది, అందులోనే టీకాలు, అందులోనే మందులు. తలుపు వేసుకుని మాట్లాడుకునే చోటు ఎక్కడ దొరుకుతుందో ఆ ఊరికి వెళ్ళి చూస్తే గాని చెప్పలేం.

ఖర్చులెక్క

సిస్టర్ గారు చెప్పిన పద్ధతిలో తిరుగుడు తగ్గి, ఒక కౌన్సెలరు 120 మందికి బదులు 180 మందిని చూడగలిగితే మనిషికయ్యే ఖర్చు 3,000 నుంచి 2,000 రూపాయలకు దిగుతుంది. అప్పుడు గోవా ఫలితం రాకపోయినా, ప్రపంచ సగటు ప్రకారం 20 మందికి ఒకరే తప్పించుకున్నా, ఒక ఆరోగ్య సంవత్సరానికి రెండు లక్షలు, అంటే తలసరి జీడీపీకి లోపే. సందేహి గారు అడిగిన విడి గడులు, సీహెచ్‌ఓ అడగడానికి పట్టే సమయం, పెరిగిన సంఖ్యకు తగిన పర్యవేక్షణ ఇందులో ఇంకా కలపలేదు. మనిషికి మరో రెండు మూడు వందలు దాటితే లెక్క మళ్ళీ కొలబద్దకు అవతలికి పోతుంది.